మా పిల్ల ఇలా ఉండదు

కుట్టు గది,
మంగళవారం మధ్యాహ్నం

ఆడపడుచు మహారాణి వారికి,

మీ వదిన నమస్కారం పెట్టకుండా రాస్తున్న ఉత్తరం. ఫోన్ చేస్తే "పేషెంట్ వచ్చింది వదినా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కాబట్టి నోరు మూసుకుని చదువు.

పోయిన గురువారం మన వసపిట్టకి వాంతులు పట్టుకున్నాయి. దాని సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది, అందరి ఒంట్లో తయారయ్యే ఆ హార్మోను దాని ఒంట్లో తయారవదు. రోజూ మాత్ర పడాలి. మాత్ర కక్కేస్తే వెంటనే ఇంజక్షన్ పడాలి. పడకపోతే పిల్ల మనకి దక్కదు. మీ అన్నయ్య ఊళ్ళో లేడు. ఎత్తుకుని పరిగెత్తాను. ఆసుపత్రిలో పిల్లని నా చేతుల్లోంచి లాక్కున్నారు, నన్ను తలుపు బయటికి తోశారు. "ఇంజక్షన్ పడాలండీ" అని నేను గొంతు చించుకుంటుంటే లోపలినుంచి ఒక నర్సు తల బయటపెట్టి, "మీ పాప బంగారమమ్మా, ఎంత బుద్ధిగా ఉందో చూడండి, మీరే అల్లరి చేస్తున్నారు" అంది.

వసపిట్ట బుద్ధిగా ఉండటమా! అది పుట్టి ఏడేళ్ళయింది, ఇంతవరకూ ఎవరికీ "సరే" అన్న పాపాన పోలేదు. నేను కొలతలు తీసుకుంటుంటే పక్కన నిలబడి వచ్చినవాళ్ళ పొట్ట మీద వ్యాఖ్యానం చేసే పిల్ల అది. అది "అలాగేనండి" అందంటే ఒంట్లో చక్కెర పడిపోతోందని, బీపీ పడిపోతోందని అర్థం. స్పృహ తప్పబోయే ముందే దానికి మర్యాద వస్తుంది. ఆ ముక్క నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలీదు. నేనేమో తలుపు బయట.

గంటా పది నిమిషాలు. చివరికి చెప్పు తీసి తలుపు మీద బాదితే, నన్ను తిట్టడానికి ఒక పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. దాని జబ్బు గురించి మా డాక్టరు రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉంటే, అది చదివి లోపలికి పరిగెత్తాడు. బతికింది. తర్వాత కేసు షీటు చూశాను. "పాప ప్రశాంతంగా ఉంది, సహకరిస్తోంది" అని రాశారు.

మీ నర్సులందరికీ ఒకే బడిలో నేర్పుతారా, తల్లి కనిపించగానే తరమమని?

నీ వదిన

పిల్లల ఎమర్జెన్సీ, నర్సుల గది,
శనివారం

వదినా,

వసపిట్ట కోలుకుందనీ, ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూ గార్డు మీసాన్ని వెక్కిరించిందనీ అన్నయ్య చెప్పాడు. అది బాగుంది కాబట్టి ధైర్యంగా నీతో పోట్లాడుతున్నాను.

తరమడంలో మీ ఊరివాళ్ళు నా ముందు ఎందుకూ పనికిరారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. మా తలుపు దగ్గర నేలమీద ఒక పసుపు గీత ఉంటుంది, ఇంట్లోవాళ్ళు అది దాటకూడదు. నేను "బయటికి" అన్నానంటే ఒకసారి కొత్తగా చేరిన డాక్టరు కూడా వెళ్ళి వరండాలో నిలబడ్డాడు.

ఎందుకు తరుముతామో కూడా విను. ఒక నాన్న రక్తం చూసి కళ్ళు తిరిగి పడ్డాడు. పిల్లాడికి మూడు కుట్లు, ఆయనకి ఐదు. ఒక నాయనమ్మ ఆక్సిజన్ మాస్కు ఊడదీసి మనవడి ముక్కు శుభ్రంగా తుడిచి, మాస్కు తన ఒళ్ళో భద్రంగా పెట్టుకుంది. ఇంకొకాయన ప్రతి సూదికీ "ఇది అవసరమా" అని అడిగి అడిగి, ఆఖరికి నేనెంతవరకు చదువుకున్నానో అడిగాడు. వీళ్ళందరినీ చుట్టూ పెట్టుకుని పసిపిల్ల చేతిలో నరం ఎక్కడ వెతకమంటావు?

ఇది చాలదన్నట్టు మా సూపరింటెండెంటు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చింది. వచ్చినప్పట్నుంచీ "కుటుంబాలు మనకి భాగస్వాములు" అని ఒకటే జపం. తల్లిదండ్రులతో ఒక మండలి పెట్టాలట, వాళ్ళ సలహాలు వినాలట. ఆ బాధ్యత ఎవరి నెత్తిన పెట్టిందో చెప్పుకో. నా నెత్తినే! బిస్కెట్లు పెట్టి, ఒక ఫోటో దిగి చేతులు దులుపుకుందామని చూస్తున్నా. కానీ మొదటి మీటింగులో ఒక తల్లి రాసిన సూచనలు చదివి తీరాలట. నీ నోరు ఎలాగూ ఊరుకోదు, అదేదో కాగితం మీద పెట్టి పంపు. బూతులుంటే నేను కొట్టేస్తాను.

నీ ఆడపడుచు

కుట్టు గది,
గురువారం

ఓ మొదటి ర్యాంకు గారూ,

బూతులు నేనే కొట్టేశాను. దాంతో సగం ఉత్తరం పోయింది. మిగిలింది ఇది.

మీ పసుపు గీత చెరిపేయమని నేననను. దాని అవతలికి ఒక్కరిని రానివ్వండి. పదిమందిని కాదు, ఒక్కరిని. పిల్ల తల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఊరికే కూర్చోబెడితే ఆ నాయనమ్మలాగే చేతులు ఊరుకోవు, అందుకని ఒక పని అప్పజెప్పండి. పిల్లనే చూస్తూ ఉండటం. మీరు మిషను తెర చూస్తారు, అదీ కావలసిందే. మేం మొహం చూస్తాం. కళ్ళు తిరిగే రకమా కాదా అని ముందే అడగండి, నిజమే చెప్తాం. మీ అన్నయ్యని మాత్రం ఏం చెప్పినా రానివ్వొద్దు.

ఇంకొకటి. నాకు మీ భాష రాదు. నేను "చక్కెర పడిపోతోందేమో చూడండి" అంటే "మీరు డాక్టరా?" అంటారు. నిజమే, కాను. నాకు చేతనైన మాట ఒక్కటే, "మా పిల్ల ఇలా ఉండదు." ఇంట్లోవాళ్ళు ఆ మాట అన్నారంటే ఒక డాక్టరు చేతిలో పని ఆపి వచ్చి చూడాలి. చూశాక ఏమీ లేకపోతే నాలుగు తిట్టండి, పడతాం. నా దగ్గరికి మనిషి వచ్చి "చంక దగ్గర పట్టేస్తోంది" అంటే "మీరు టైలరా?" అని నేను అడగను. టేపు తీసి చూస్తాను. తొడుక్కున్నది ఆవిడ.

చివరిగా ఒక ప్రశ్న, ఇది మండలికి కాదు, నీకు. ఈ ఇరవై రెండేళ్ళలో, తరిమేసిన తర్వాత "అయ్యో" అనుకున్న రోజు ఒక్కటైనా ఉందా?

నీ వదిన

నర్సుల గది,
సోమవారం

వదినా,

మీటింగు అయింది. బిస్కెట్లు కూడా అయిపోయాయి. నీ ఉత్తరం చదివాను. టైలరు ముక్క దగ్గర ఒక లారీ డ్రైవరు "అది మళ్ళీ చదవండి మేడమ్" అన్నాడు. మళ్ళీ చదివాను. సూపరింటెండెంటు కళ్ళు ఒత్తుకుంది. మా పొడుగు డాక్టరు మాత్రం ఒంటికాలి మీద లేచాడు, "ఇక ప్రతి అమ్మా ప్రతి తుమ్ముకీ నన్ను పిలుస్తుంది, నేను పరిగెత్తుతూ ఉండాలి" అని. పొడుగు కాళ్ళు దేవుడు ఎందుకిచ్చాడో అన్నాను. రెండు నెలలు నువ్వు చెప్పినట్టు చేసి చూద్దామని తేల్చారు. ఒక్కరు, ఒక కుర్చీ, ఆ నాలుగు మాటలు.

మొదటిరోజే ఒక అమ్మమ్మ "మా పిల్లాడు ఇలా ఉండడు!" అని కేక పెట్టింది. పొడుగు డాక్టరు చేతిలో కప్పు వదిలేసి ఉరికాడు. తీరా చూస్తే పిల్లాడు రొట్టె అంచు కూడా తిన్నాడట, ఇంట్లో అంచు వదిలేస్తాడట. ఆకలేసింది ఆ కుర్రాడికి, అంతే. డాక్టరు నావైపు చూసిన చూపుకి నా టోపీ కాలిపోవాలి.

నాలుగోరోజు ఒక తల్లి ఆ మాటే అంది. పిల్ల నిద్రపోతోందని మేమనుకున్నాం. "నిద్రలో ఇది నోరు మూసుకోదు" అంది ఆవిడ. నిద్ర కాదు. టైముకి చూశాం. నేనేమీ పొంగిపోలేదు, ఊరికే సమాచారం కోసం రాస్తున్నాను.

అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇదిగో, పేషెంట్ వచ్చింది. ఉంటాను.

నీ ఆడపడుచు

కుట్టు గది,
బుధవారం

ఉత్తరంలో కూడా "పేషెంట్ వచ్చింది" అని పెట్టేయడం నీకే చెల్లింది.

మీ అన్నయ్య మోకాలు దివ్యంగా ఉంది. నేనడిగింది ఏమైంది?

వదిన

నా గది,
ఆదివారం, సెలవు

వదినా,

ఉంది.

ఆరేళ్ళయింది. తాళాలు బాగుచేసే ఒకాయన నాలుగేళ్ళ కూతురిని తీసుకొచ్చాడు. మంచం మీంచి పడింది. బొప్పి కూడా లేదు, నవ్వుతోంది. నేను బిస్కెట్ ఇస్తే తీసుకుని తింటోంది. ఆయన్ని గీత అవతల నిలబెట్టాను. ఆయన తలుపు సందులోంచి "సిస్టర్, అది కుడిచేత్తో తింటోంది" అన్నాడు. "కాలితో తినట్లేదు కదా, సంతోషించండి" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. నేను జోకులు బాగా వేస్తానని నీకు తెలుసుగా.

ఆ పిల్లది ఎడమచేతి వాటం. అది ఆయనకి తెలుసు, నాకు తెలీదు. మళ్ళీ అడిగాడు. విసుక్కున్నాను. మూడోసారి అడిగితే గార్డుని పిలిచాను. ఆయన గొడవ చేసే మనిషి కాదు, పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు గంటల తర్వాత పిల్ల మత్తుగా అయిపోతే స్కాన్ తీశాం. తలలో రక్తం గడ్డ కట్టింది. ఆపరేషన్ చేశారు, బతికింది. ఎడమ చెయ్యి మాత్రం ఇప్పటికీ సరిగ్గా రాదు.

ఇంటికెళ్ళే రోజు ఆయన నా దగ్గరికొచ్చి దండం పెట్టాడు. "మీ దయ వల్ల పిల్ల దక్కింది సిస్టర్" అన్నాడు. నీలాగా చెప్పు తీసినా బాగుండేది. నేను తల ఊపాను. "జాగ్రత్తగా చూసుకోండి" అని కూడా అన్నాను, సిగ్గులేకుండా.

అన్నయ్యకి చెప్పకు. ఎవరికీ చెప్పలేదు, నీకే.

ఆడపడుచు

కుట్టు గది,
శుక్రవారం

పిచ్చి మొహమా,

నువ్వు మంచిదానివి, బాధపడకు అని రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఆ తలుపు అవతల నిలబడినదాన్ని కదా. పోనీ నిన్ను నాలుగు కడిగేద్దామంటే దానికీ చెయ్యి రాలేదు. నువ్వు ఆరేళ్ళుగా కడుక్కుంటూనే ఉన్నావు.

ఆయన్ని మీ మండలిలోకి పిలిచావా? పిలవలేదని నాకు తెలుసు. పిలువు.

బడికి సెలవులిచ్చారు. వచ్చే వారం నేనూ వసపిట్టా మీ ఇంటికి వస్తున్నాం, పది రోజులుంటాం. మంచం సర్దు. దానికి నీ "బయటికి" గొంతు వినాలని ఉందట. తను అంతకంటే గట్టిగా అనగలనని పందెం కడుతోంది.

నీ వదిన

నర్సుల గది, కింది అంతస్తు,
గురువారం

వదినా,

నువ్వు రెండంతస్తుల పైన వార్డులో ఉన్నావు, నేను కింద ఉన్నాను, మధ్యలో ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా అడిగితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, వార్డులో మిగతా తల్లులు హడలిపోతారు. ఆయా చేత పంపిస్తున్నా.

నిన్న మా ఇంట్లో దానికి మళ్ళీ వాంతులు పట్టుకుని, నువ్వు దాన్ని భుజాన వేసుకుని తలుపులోంచి వస్తుంటే నా ఇరవై రెండేళ్ళ సర్వీసు ఎటుపోయిందో తెలీదు. వేలాడుతున్న దాని కాళ్ళు చూశాను, అంతే. ఇంజక్షన్ సీసా విరవబోయి రెండు సీసాలు నేలపాలు చేశాను. మూడోది తీస్తుంటే పొడుగు డాక్టరు నా చేతిలోంచి తీసుకుని "సిస్టర్, ఇప్పుడు మీరు అత్తయ్య. బయటికి" అన్నాడు. ఒక్కరే ఉండాలి కదా, ఆ ఒక్కరు నువ్వు. నేను వెళ్ళి గీత అవతల నిలబడ్డాను. అక్కడినుంచి ఆ గది ఎలా కనిపిస్తుందో నాకు నిన్నటిదాకా తెలీదు. ఏమీ కనిపించదు వదినా. వీపులు కనిపిస్తాయి.

ఇంజక్షన్ పడిందన్నారు. సెలైను ఎక్కుతోందన్నారు. హమ్మయ్య అనుకున్నా. అరగంట పోయాక దాని గొంతు వినిపించింది. డాక్టరు "నొప్పి ఉందా తల్లీ" అంటే, "లేదండీ, థాంక్యూ అండీ" అంది.

నువ్వు పక్కనే ఉన్నావు. ఆ నాలుగు మాటలు నేర్పిందే నువ్వు. నువ్వు అరుస్తావని చూశాను. ఒక క్షణం, రెండు క్షణాలు. నీ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. అప్పుడు నేనే "మా పిల్ల ఇలా ఉండదు!" అని పెట్టాను కేక. వరండాలో ఒక పసిపిల్ల ఏడుపు ఆపేసింది. పొడుగు డాక్టరు నన్ను తిట్టలేదు, తిరిగి చూడలేదు, నేరుగా చక్కెర చూశాడు. పాతాళంలో ఉంది. కట్టు విప్పితే సూది నరంలోంచి జారిపోయి ఉంది, చెయ్యి ఉబ్బి ఉంది. ఆ మందంతా చర్మం కిందే ఉండిపోయింది. మళ్ళీ తొడకి పొడిచి, రెండో చేతికి చక్కెర ఎక్కించారు. ఇంకో పావుగంట ఆగి ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

తర్వాత అది కళ్ళు తెరిచి డాక్టరుతో అన్న మొదటి మాట, "నీకు సూది గుచ్చడం రాదు, మా అమ్మని అడుగు."

ఇప్పుడు చెప్పు. నువ్వెందుకు నోరు విప్పలేదు?

ఆడపడుచు

మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం,
గురువారం సాయంత్రం

అమ్మాయ్,

నిన్నటినుంచీ అదే ప్రశ్న నన్ను నేను అడుక్కున్నాను.

మా ఊళ్ళో నన్ను తోసేశారు కాబట్టి చెప్పు తీశాను. ఇక్కడ నన్ను ఎవరు తోశారు? పొడుగు డాక్టరు "అమ్మా, ఇలా కూర్చోండి" అన్నాడు. కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు. ఇంజక్షన్ వేసేముందు నాకు చూపించి వేశారు. అంత మర్యాద చేసినవాళ్ళని మళ్ళీ పిలిచి "మీరు చేసింది సరిపోలేదు" అనడానికి నోరు రాలేదు. నీ పరువు కూడా గుర్తొచ్చింది. సిస్టర్ గారి వదిన గయ్యాళి అనుకుంటారేమో అని. ఎన్నడూ లేనిది, నేను కూడా మర్యాదగా కూర్చున్నాను.

ఇంకొకటి ఉంది, అది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అది "థాంక్యూ అండీ" అనగానే నాకు తెలిసిపోయింది. తెలిసినా, ఇంజక్షన్ పడింది కదా, నిజంగానే తగ్గిందేమో, ఈ ఒక్కసారికి ఉత్త మంచితనమేమో అని ఆశపడ్డాను. ఏడేళ్ళుగా దానికి కాపలా కాస్తున్నాను. అలిసిపోయాను. ఒక్క అరగంట ఇంకెవరైనా చూసుకుంటారులే అనుకున్నాను. నువ్వు అరవకపోతే నా పిల్ల నా పక్కనే, నా చెయ్యి పట్టుకునే పోయేది.

నన్ను ఏమీ అనకు. అంటే మాత్రం పైకొచ్చి అను.

నీ వదిన

ఇదిగో, ఇది కాగితం లాక్కుంటోంది:

అత్తా నువ్వు అరిచింది నాకు వినపడింది. నీ గొంతు బాగాలేదు. నేను ఇంకా గట్టిగా అరవగలను. ఈ వార్డులో బొమ్మలన్నీ విరిగిపోయాయి, మీ సూపరింటెండెంటుకి చెప్పు.

నర్సుల గది,
ఐదు వారాల తర్వాత, శనివారం

వదినా,

ఆరోజు పైకొచ్చి నిన్ను అనాల్సినవన్నీ అన్నాను, నువ్వూ అన్నావు, ఇద్దరం ఏడ్చాం, పక్క మంచం ఆవిడ మనిద్దరికీ చేతిరుమాలు ఇచ్చింది. ఇప్పుడు కబుర్లు రాస్తాను.

నేను పంపిన ఇంజక్షన్ పెట్టె అందిందా? నేను నేర్పినట్టు వారానికోసారి దిండు మీద సాధన చెయ్యి. సూది పట్టడంలో నాకంటే నువ్వే ఘనురాలివి, భయమెందుకు?

తాళాలాయనకి ఉత్తరం రాశాను. క్షమించమని అడగలేదు, ఏం జరిగిందో నాకు తెలిసినంతా రాశాను. జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా. ఆయన ఇష్టం.

మీ సంగతి మండలిలో మీరెవరో చెప్పకుండా చెప్పాను. "నేనూ చెప్పలేకపోయాను" అని ముగ్గురన్నారు, లారీ డ్రైవరుతో సహా. అంత మనిషి! కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏమైనా ఉంటే మీరే చెప్పండి అని వదిలేస్తే సరిపోదని అప్పుడు నా మట్టిబుర్రకి ఎక్కింది. అందుకని ఇప్పుడు మేమే వెళ్ళి అడుగుతున్నాం. పిల్ల రాగానే ఒకసారి, తర్వాత అరగంటకోసారి. "మీ పిల్ల మామూలుగా ఎలా ఉంటుంది? ఇప్పుడు అలాగే ఉందా?" అడిగి, నిలబడి కాదు, కూర్చుని వినాలి. ఈ నిలబడకూడదన్న ముక్క పొడుగు డాక్టరు పెట్టిందే.

నిన్న ఒకావిడ రెండేళ్ళ పిల్లాడితో వచ్చింది. జ్వరం, అంతే. పెద్దగా కంగారు పడాల్సిన కేసులా లేదు. అడిగాను. అడగడమే పాపం, ఆనకట్ట తెగినట్టు మొదలుపెట్టింది. పన్నెండు నిమిషాలు వదినా! అందులో పదకొండు వాళ్ళ అత్తగారి మీదే. పిల్లాడికి ఆవిడ స్నానం ఎలా చేయించింది, టోపీ ఎందుకు పెట్టలేదు, అసలు ఈ జ్వరం ఆవిడ వల్లే ఎలా వచ్చింది. రెండుసార్లు నా నోటిదాకా "బయటికి" వచ్చింది, మింగేశాను. మధ్యలో ఎక్కడో, తనకే తెలియకుండా ఒక ముక్క అంది. ఎత్తుకుంటే వీడు ఏడుపు ఆపేస్తాడు సిస్టర్, ఇవాళ ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తున్నాడు, పడుకోబెడితేనే ఊరుకుంటున్నాడు అని.

మెదడు పొరకి జబ్బు చేస్తే పిల్లలకి కదిలిస్తే నొప్పి. పొడుగు డాక్టర్ని పిలిచాను. ముందు మందు మొదలుపెట్టించి, పరీక్షలకి పంపాడు. మేం అనుమానించింది నిజమే. ఇంకా మొదట్లోనే ఉంది, ఇవాళ జ్వరం దిగింది, పాలు తాగాడు.

అవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. నిన్న మందు ఎక్కుతుండగా పొడుగు డాక్టరు కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచం కిందికి తోశాడు. "సిస్టర్‌కి చెప్పింది నాకు కూడా మొదట్నుంచి చెప్పండమ్మా" అన్నాడు.

ఆవిడ మళ్ళీ అత్తగారి స్నానం దగ్గర్నుంచే మొదలుపెట్టింది. ఇద్దరం నోరు మూసుకుని విన్నాం.

నీ ఆడపడుచు